మునెప్ప దూకించిన రాజు

1946లో మదనపల్లె శివారున ఒక క్షయ శానటోరియంలో మగవాళ్ల వార్డుకు నేను నర్సును. నయం చేసే మందు అప్పటికి మా చేతికి రాలేదు. విశ్రాంతి, గాలి, పాలు, గుడ్లు. వాటికి లొంగకపోతే థొరకోప్లాస్టీ, అంటే కొన్ని పక్కటెముకలు తీసేసి జబ్బు ఊపిరితిత్తిని అణిచిపెట్టే ఆపరేషన్. రోగులకు పొద్దుపోక చదరంగం పోటీ పెట్టాం, ఇంగ్లీషు పద్ధతిలో.

కుప్పం దగ్గరి శాంతిపురం రైతు మునెప్ప ఫైనలుకు వచ్చాడు. రెండో ఊపిరితిత్తి బాగున్నప్పుడే ఆపరేషన్ చేయాలని డాక్టరుగారు తొందరపెడుతున్నారు. ఇతను నాన్చుతున్నాడు.

"ఈ ఆట గెలిస్తే ఆపరేషన్‌కు ఒప్పుకుంటా సిస్టరమ్మా. ఓడితే ఊరికి పోతా," అన్నాడు ఆ ఉదయం.

"ప్రాణంతో పందెమేందప్పా!" అని కసిరాను. కసిరానే గానీ, అతను గెలవాలని ప్రభువును వేడుకున్నాను.

ఎదుటి రోగి పుంగనూరు అయ్యవారు, బడిపంతులు. ఓపెనింగులోనే, అంటే తొలి ఎత్తుల్లోనే, క్యాస్లింగ్ చేసి రాజును ఏనుగు చాటుకు చేర్చారు. మునెప్ప రాజు మాత్రం నడిమధ్యనే నిలబడ్డాడు.

"రాజును దాచుకోప్పా," అన్నారు అయ్యవారు.

"యాల దాయాల? టైమొస్తే దూకతాడు."

అయ్యవారి మంత్రి మీదికొచ్చింది, ఇంకా చెక్ పడలేదు. మునెప్ప తన రాజును గుర్రంలా ఎత్తి, అవతలి గడిలో పెట్టాడు.

"అట్ల కుదరదప్పా. రాజు ఒక గడే కదలాల."

"మా ఊర్లో ఒక్కసారి దూకచ్చు గదా!"

నాటు ఆటలో అంతవరకు చెక్ తగలని రాజుకు ఆ వెసులుబాటు ఉందట. ముందు ఆటల్లో దూకే అవసరం రాలేదు కాబట్టి, ఇక్కడ లేదని అతనికి ఎవరూ చెప్పలేదు. అయ్యవారికి జాలేసి, "పోనీ, దూకనీలేప్పా," అన్నారు. మునెప్ప వినలేదు. రాజును వెనక్కి పెట్టేశాడు. కాసేపటికే అతని ఆట కట్టయింది.

"ఆటా మీదే, కత్తీ మీదే. నాకు తెలిసిన ఎత్తు ఈడ చెల్లదు సిస్టరమ్మా," అన్నాడు. డాక్టరుగారు ఎంత బతిమాలినా వినకుండా మర్నాడు బస్సెక్కాడు. వానలు పడేలోపే పోయాడని కుప్పం నుంచి వచ్చిన రోగి ఒకతను చెప్పాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ తర్వాత ఎవరికి ఆపరేషన్ అన్నా, మా మాట చెప్పకముందే మంచం పక్కన కూర్చుని, "నువ్వేమనుకుంటాండావు, చెప్పప్పా," అని అడిగేదాన్ని. కొందరు ఒప్పుకున్నారు, కొందరు లేదు. మునెప్పను మాత్రం ఆ మాట మాలో ఎవరమూ అడగలేదు.