మీటర్ చూడకుండా రాసిన అంకె

నవత తండ్రి నర్సయ్యకు కుడి చెవి వినపడదు. సిరిసిల్లలో ముప్పై ఏళ్లు మరమగ్గాల మధ్య నిలబడ్డ మనిషి. ఆ ఊళ్లో మరమగ్గాన్ని సాంచ అంటారు. సాంచల మోతకు చెవి పోతే అక్కడ ఎవరూ దాన్ని ప్రమాదమనరు, వయసు మీద పడిందంటారు. చెవి పోయేనాటికి నర్సయ్యకు నలభై రెండేళ్లే.

నవత పాలిటెక్నిక్ చదివి, హైదరాబాద్‌లో ఏడాదిపాటు పారిశ్రామిక భద్రత కోర్సు చేసింది. ఇరవై ఏడో ఏట ఊరి శివారులోని అద్దకం ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్‌గా చేరింది. యజమాని దామోదర్ రావు మల్యాల వైపు పాత దొరల ఇంటివాడు. రోజువారీ పనులన్నీ మేనేజర్ ప్రభాకర్ చేతిలో ఉండేవి.

తనను పెట్టుకున్నది ఫైలు నింపడానికేనని ఆమెకు వారం తిరగకుండానే తెలిసింది. అగ్నిప్రమాద డ్రిల్ అంటే బీరువాలోంచి ఇరవై హెల్మెట్లు తీసి, కూలీల తలలకు పెట్టి, ఫోటో దిగి, మళ్లీ బీరువాకు తాళం వేయడం. జరగని మీటింగ్‌లో ఎవరెవరు ఏం మాట్లాడారో ఆమే కల్పించి రాయాలి. తనిఖీకి వచ్చినవాళ్లు ఏసీ గదిలో కూర్చుని ఆ ఫైలు తిరగేసి వెళ్లేవారు.

అద్దకం నుంచి వచ్చే మురికినీళ్లు భూమిలోపలి ట్యాంకులో చేరతాయి. మూడు నెలలకోసారి మనిషి దిగి అడుగున పేరుకున్న బురద ఎత్తాలి. ఆ బురదలోంచి కుళ్లిన గుడ్డు వాసనతో విషవాయువు పుడుతుంది. ఎక్కువైతే ఆ వాసన కూడా తెలియదు. అందుకే మూత తీసి గాలి పట్టించి, మీటర్‌తో వాయువు కొలిచి, అంకె రాసి సంతకం చేశాకే మనిషిని దింపాలని నిబంధన ఉంది. ఫ్యాక్టరీలో ఉన్న ఒక్క మీటర్ ఫిబ్రవరిలోనే చెడిపోయింది. కొత్తది కావాలని నవత మూడుసార్లు ఉత్తరం రాసింది. మూడింటికీ జవాబు లేదు.

మే నెలలో ఒక ఉదయం ప్రభాకర్ అనుమతి కాగితం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"మీటర్ లేదు కదా సార్. అంకె ఏం రాయాలె?"

"పోయినసారిది సూసి రాయి మేడం. ఏమైతది? ఏండ్ల సంది దిగుతనే ఉన్నరు. లోడు ఆగింది, జర జల్ది."

నవత పాత కాగితం చూసి అంకె వేసి సంతకం పెట్టింది. ఆ తర్వాత ఎవరు ఈ సంగతి ఎత్తినా ఆమె ముందుగా చెప్పేది ఈ మాటే.

పావుగంటకు కేకలు వినిపించాయి. ఆమె పరుగెత్తేసరికి బోయినపల్లి నుంచి వచ్చే కాంట్రాక్టు కూలీ బుచ్చన్న ట్యాంకు అడుగున పడి ఉన్నాడు. తోటి కూలీ చొక్కా విప్పి లోపలికి దూకబోతుంటే నవత రెండు చేతులతో అతని నడుము పట్టుకుంది.

"దిగకు. దిగితే నువ్వు గూడ పోతవు. తాడు గుంజు."

పోయినసారి కళ్లు తిరిగాయన్న భయంతో బుచ్చన్న తనంతట తానే నడుముకు తాడు కట్టుకుని దిగాడు. ఆ రోజు అక్కడున్న జాగ్రత్త అదొక్కటే. నలుగురు కలిసి లాగారు. బయటికి తీసేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. ఊపిరి మాత్రం ఆడుతోంది.

అతను పదకొండు రోజులు కరీంనగర్ ఆసుపత్రిలో ఉండి బతికి వచ్చాడు. కానీ చేతులు వణుకుతున్నాయి. చెప్పిన మాట గంటలో మరిచిపోతున్నాడు.

ప్రమాదం మీద విచారణకు రెండు రోజుల ముందు దామోదర్ రావు నవతను పిలిపించాడు. మాట మెత్తగానే ఉంది.

"సూడు బిడ్డా, వాడు తాగి దిగిండు. ఎవ్వలు దిగుమనలే. నువ్వు మీటర్ వెట్టి సూసినవు, అంతా మంచిగనే ఉండె. గదే చెప్పు."

"మీటర్ పని చేస్తలేదు సార్. మీకు రాసిన గదా."

"కాగితం మీద సంతకం ఎవలది? నీది. లేదంటే ముందుగాల లోపలికి పోయేది నువ్వే. మీ బాపు గీ వయసుల కోర్టుల సుట్టు తిరుగుతడా?"

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లకుండా ఆమె బోయినపల్లి బస్సెక్కింది. బుచ్చన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఆమెను గుర్తుపట్టలేదు. అతని భార్య రాజవ్వ నీళ్ల గ్లాసు ఇచ్చింది.

"అక్కా, ఆ పొద్దు బుచ్చన్న తాగి వచ్చిండా?"

రాజవ్వ ఆమె మొహంలోకి చూసింది. "తాగిండు బిడ్డా. ఇంత గట్క తాగిండు, జొన్నరవ్వ కాసిన గట్క. నేనే పోసిచ్చిన. గాయన మందు బందువెట్టి ఆరేండ్లాయె. మీరు ఏం రాసుకున్నరో రాసుకోండ్రి గని, గా మాట మాత్రం రాయకుండ్రి."

ఆ "మీరు"లో తాను కూడా ఉన్నానని నవతకు తెలిసింది.

ఇంటికి వచ్చి నర్సయ్య ఎడమ చెవి దగ్గర కూర్చుని అంతా చెప్పింది. "కేసయితదా?" అని అడిగాడు. "అయితది బాపు." "కానీయి. గాయినె తాగలేదని చెప్పు," అన్నాడు.

విచారణ రోజు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ముందు ప్రభాకర్ పక్కనే ఉండగా నవత లేచి నిలబడింది.

"గీ అంకె అబద్ధం సార్. నేను మీటర్ వెట్టలే, పాత కాగితం సూసి రాసిన. ఫిబ్రవరి సంది మీటర్ లేదు. నేను రాసిన మూడు ఉత్తరాలు గివి."

ఇన్‌స్పెక్టర్ కలం ఆపాడు. "అమ్మా, గిట్ల చెప్తే నీ పేరు గూడ కేసుల వస్తది. ఆలోచించుకున్నవా?"

"రాయండి సార్. నా తప్పు రాయండి, వాళ్లది గూడ రాయండి."

ట్యాంకుకు సీలు పడింది. ఇరవై రెండు రోజుల్లో ఊడింది. కేసులో దామోదర్ రావు పేరు, ప్రభాకర్ పేరు, వాటి కింద నవత పేరు ఉన్నాయి. ఆమె ఉద్యోగం ఆ వారమే పోయింది. సిరిసిల్లలో మరే ఫ్యాక్టరీ ఆమెను గేటు దాటనివ్వలేదు. తాగుడు మాట మాత్రం రిపోర్టులోకి ఎక్కలేదు. అది పనిలో జరిగిన ప్రమాదమని తేలడంతో బుచ్చన్నకు ఫ్యాక్టరీ ఖర్చుతో నెలనెలా మందులు అందుతున్నాయి. పోయిన జ్ఞాపకం మందులతో రాలేదు.

ఎనిమిది నెలలకు జగిత్యాలలో ఒక రైస్‌మిల్లు ఆమెను పనిలోకి తీసుకుంది. అక్కడి మేనేజర్‌కు ఆమె పొడ గిట్టదు. బాయిలర్ వాల్వ్ సరిచేసేదాకా పని ఆపించిందని కూలీలు కూడా విసుక్కుంటారు. ఎవరైనా ధైర్యవంతురాలివని మెచ్చుకుంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. "గా ధైర్యం సంతకం వెట్టకముందు ఉండాలె," అంటుంది.

పోయిన నెల వాయిదాకు వెళ్లినప్పుడు కోర్టు వరండాలో ప్రభాకర్ పలకరించాడు. మొహంలో ఏ బెరుకూ లేదు. కోరుట్ల దగ్గర ఇంకో ఫ్యాక్టరీలో మేనేజర్‌గా చేరాడట, సేఫ్టీ కూడా తనే చూస్తున్నాడట.

"ఆడ గూడ ట్యాంకు ఉన్నదా సార్?" అని అడిగింది నవత.

"ఉంటది గదా మేడం," అని నవ్వాడు.

ఆమె మెట్ల మీదే కూర్చుని, ఆ ఫ్యాక్టరీ ట్యాంకును తనిఖీ చేయాలని ఫ్యాక్టరీల శాఖ అధికారులకు ఉత్తరం రాసింది. కింద తన పేరు, ఫోన్ నంబరు, కేసులో తాను కూడా నిందితురాలినన్న సంగతి రాసింది. ఇరవై రోజులైనా జవాబు రాలేదు. సోమవారం సెలవు పెట్టి తానే ఆ అధికారుల ఆఫీసుకు వెళ్తోంది.