పెదవి కదపని పాట

మా నాయన మాచర్ల దగ్గర నాపరాళ్ళ క్వారీలో రాయి కొట్టేవాడు. క్వారీ పక్కన గుడిసెల్లోనే మా కాపురం. ఎనభైల మొదట్లో నేను ఊళ్ళో హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివాను. మా గుడిసెల నుంచి అంతదాకా వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే.

ఆ ఏడు పంద్రాగస్టుకు మా తెలుగు మాస్టారు సొంతంగా ఒక దేశభక్తి పాట కట్టారు. క్లాసులో అందరి చేతా పాడించి చూసి, చివరికి నన్ను పాడమన్నారు. రాళ్ళ మోతలో పెరిగిన గొంతు నాది. వరండాలో పాడితే గేటు దాకా వినపడేది. పది రోజులు ప్రాక్టీసు చేశాను. గుడిసెల్లో అందరికీ పాట నోటికొచ్చేసింది.

రెండు రోజుల ముందు స్కూలు కమిటీ ప్రెసిడెంటు ప్రాక్టీసు చూడటానికి వచ్చాడు. గురజాల నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నాడనీ, ఆయన ముందు క్వారీ పిల్ల నిలబడితే ఊరి పరువు ఏం కావాలనీ హెడ్మాస్టరుతో అన్నాడు. గొంతు మాత్రం బాగుందని ఆయనా ఒప్పుకున్నాడు. అందుకని ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. నేను గదిలో, తలుపు వెనక మైకు పెట్టుకుని పాడాలి. బయట వరండాలో తీగ లేని ఉత్తుత్తి మైకు ముందు, బట్టల కొట్టు షావుకారు గారి అమ్మాయి నిలబడి పెదవులు కదపాలి. తెలుగు మాస్టారు ఏదో అనబోయి తల దించుకున్నారు. ఇంట్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ అమ్మాయిది నా క్లాసే. అయినా మేం మాట్లాడుకున్నది తక్కువ. మర్నాడు సాయంత్రం గేటు దగ్గర నన్ను ఆపింది.

“నువ్వు పాడతా ఉంటే నేను నోరాడించాలంట. నాకు చానా సిగ్గుగా ఉంది” అంది.

“నేనేం చేసేది? పాడనంటే స్కూల్లోంచి తీసేస్తారు.”

“పాడు. రోజూ కంటే గట్టిగా పాడు. నోటి సంగతి నేను చూసుకుంటా.”

ఏం చేయబోతోందో చెప్పింది. నాకు భయం వేసింది. అయినా సరేనన్నాను.

పంద్రాగస్టు పొద్దున జెండా ఎగరేశాక ఆఫీసరు గారు వరండాకు ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. క్వారీకి పొద్దుటి పూట సెలవు కాబట్టి మా వాళ్ళంతా నన్ను చూద్దామని వచ్చి గోడ అవతల నిలబడ్డారు. తలుపు సందులోంచి నాకు ఆ అమ్మాయి, ఎదురుగా జనం కనిపిస్తున్నారు.

పల్లవి ఎత్తుకున్నాను. లౌడుస్పీకరు మోగింది. ఆమె పెదవి కదపలేదు. చేతులు కట్టుకుని, నోరు బిగించి, జనం వంక సూటిగా చూస్తూ నిలబడింది. ముందు కూర్చున్న పిల్లలు నవ్వారు. చరణంలో, ఈ గడ్డ మీద పుట్టిన బిడ్డలంతా ఒక్కటేనన్న మాట వచ్చింది. అక్కడ ఆమె కుడిచేత్తో నోరు మూసుకుంది. నవ్వులు ఆగిపోయాయి. పాట ఎక్కడి నుంచి వస్తోందో గ్రౌండులో అందరికీ తెలిసిపోయింది. ఎందుకు అక్కడి నుంచి వస్తోందో కూడా తెలిసింది.

గోడ అవతల అమ్మ గొంతు లేచింది. “ఆ గొంతు మా పిల్లది. మా పిల్లేది?”

ప్రెసిడెంటు లేవబోతే ఆఫీసరు గారు కూర్చోమన్నట్టు సైగ చేశారు. ఆ అమ్మాయి వచ్చి తలుపు బార్లా తెరిచింది. నేను పాట ఆపలేదు. మైకు చేత్తో పట్టుకుని, తీగ ఈడ్చుకుంటూ వరండాలోకి నడిచాను. చివరి చరణం ఆమె కూడా నాతో కలిసి పాడింది. శ్రుతి ఎక్కడా కలవలేదు. ఎవరికి కావాలి శ్రుతి? గోడ అవతలి వాళ్ళు గేట్లోంచి లోపలికి వచ్చేసి, పల్లవి అందుకున్నారు.

పాడిన పిల్లను గదిలో ఎందుకు పెట్టారని ఆఫీసరు గారు మైకులోనే అడిగారు. హెడ్మాస్టరు ప్రెసిడెంటు వైపు చూశారు. తెలుగు మాస్టారు లేచి, నోరు మెదపని తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకున్నారు.

ఆ మధ్యాహ్నమే ప్రెసిడెంటు బట్టల కొట్టుకు పోయి ఆ అమ్మాయి మీద ఫిర్యాదు చేశాడట. షావుకారు గారు గుడ్డ కొలుస్తూనే, “మా పిల్లకు పాట రాదండీ. వచ్చినట్టు నటించమని నేను నేర్పలేదు” అన్నారని ఆమె మర్నాడు నాకు చెప్పింది.

ఎన్నడూ నన్ను మెచ్చుకోని మా నాయన, ఆ రోజు ఇంటికి వెళ్ళే దారిలో రాళ్ళ లారీలను ఒక్కొక్కటే ఆపి, పాడింది తన కూతురేనని డ్రైవర్లకు చెప్పాడు. ఒకాయన ఇంజను ఆపి, ఏదీ పాడమన్నాడు. దుమ్ము రోడ్డు మధ్య నిలబడి, పాట మొత్తం మళ్ళీ పాడాను.