మూడేళ్లుగా ఎరుగుదును

ఆ రోజుల్లో భయపడటం కూడా ఒక ఉద్యోగమే. జీతం లేదు, సెలవు అసలే లేదు. డిగ్రీ చేతికొచ్చి నాలుగేళ్లయినా నాకు దొరికింది అదొక్కటే గనక, ఎమ్మిగనూరులో నాకన్నా శ్రద్ధగా దాన్ని చేసినవాడు లేడు. పోస్ట్‌మ్యాన్ సైకిలు బెల్లు వినిపిస్తే భయం, వినిపించకపోతే ఇంకా భయం. అన్నిటికన్నా పెద్ద భయం మా ఇంట్లోనే ఉండేది. అది రెండో మగ్గం గుంత. నేసేవాళ్లు కాళ్లు దాంట్లో పెట్టుకుని కూర్చుంటారు. తాత పోయినప్పటి నుంచీ ఖాళీగా ఉన్న ఆ గుంతను నాయన ఒక పొద్దున శుభ్రంగా ఊడ్చి పెట్టాడు. ఎందుకని అడిగితే, "నేనేమన్నా అంటినా? ఊడిస్తి, అంతే" అన్నాడు. మగ్గమంటే నాకు చిన్నచూపు లేదు, మగ్గానికే నేనంటే చిన్నచూపు. నేను కూర్చుంటే పోగులు వాటంతటవే తెగేవి. నేను నేసిన ఒకే ఒక్క తువ్వాలును అమ్మ మసిగుడ్డగా వాడి దాని పరువు కాపాడింది.

అలాంటప్పుడు సర్కారు గుమాస్తా ఉద్యోగాలకు ప్రకటన పడింది. ఇది తప్పితే నాకు వయసు దాటిపోతుంది, ఇక గుంతే. దరఖాస్తుకు గెజిటెడ్ ఆఫీసరు సంతకంతో నడవడి పత్రం జత చేయాలి. 'ఈ అభ్యర్థిని మూడేళ్లుగా స్వయంగా ఎరుగుదును' అని అందులో ఉండాలి. (గెజిటెడ్ ఆఫీసర్లను ఎరిగినవాళ్లను కూడా నేనెరగను.) ఆదోనిలో నాకు టైపు నేర్పిన భాయ్ ఆ పత్రం టైపు చేసిచ్చి, ఎప్పటిలాగే ధైర్యం చెప్పాడు. "హిమ్మత్ ఉండాలప్పా. మీ ఊర్లో పశువుల డాక్టరుండాడు గదా, ఆయప్ప గూడా గెజిటెడ్డే. ఎద్దులకు బయపడకుంటే పనైపోయినట్లే." ఎద్దులకు నేను భయపడతానని ఆయనకు చెప్పలేదు. మా ఇంట్లో నాలుగు కాళ్లున్నది నులకమంచం ఒక్కటే.

పశువుల ఆసుపత్రి ఆవరణలో డాక్టరుగారు ఒక గేదె నోట్లో చెయ్యి పెట్టి ఉన్నారు. అదే చేత్తో కాగితం తీసుకుని చదివారు. "మూడేండ్లుగా ఎరుగుదునా? నిన్ను ఇప్పుడే గదప్పా సూస్తాండేది" అన్నారు. అందరూ అలాగే రాస్తారని నసిగాను. "అందరూ రాస్తారేమో. మూడేండ్లుగా తెలిసిన ఎద్దుకైతే నేనూ రాసిస్తా." ఇంకెవరూ దిక్కులేరని చెబితే, అటెండరు సెలవులో ఉన్నాడని, రోజూ పొద్దున వచ్చి పశువులను పట్టుకుంటే తనకు తెలిసినంత మటుకు రాస్తానని అన్నారు. దరఖాస్తుకు గడువు ఇంకా పద్దెనిమిది రోజులుంది.

ఆ రోజుల్లో నేను తెల్లారకముందే లేచి దేవుడికి దండం పెట్టుకునేది ఉద్యోగం కోసం కాదు, ఆ రోజు గొర్రెలు మాత్రమే రావాలని. పశువులకు గాలికుంటు జబ్బు ముదిరిన కాలం, ఎద్దులే వచ్చేవి. ఒకరోజు కోసిగి నుంచి ఒక ముసలి రైతు తెచ్చిన ఎద్దు, సూది పడగానే ముకుతాడుతో సహా నన్నూ లాక్కుని ఆవరణంతా తిరిగింది. చెప్పు ఒకచోట, నేనొకచోట. చివరికి అదే అలిసి ఆగింది. ముసలాయన నన్ను లేపి మట్టి దులుపుతూ ఏం చదివినావని అడిగాడు. బి.ఏ. అన్నాను. "సదివినోనివి, తాడు ఇడ్సల్య సూడు" అని మెచ్చుకున్నాడు. నిజం చెప్పాలంటే అది ధైర్యం కాదు. భయంతో బిగుసుకుపోయిన వేళ్లను విప్పడానికి డాక్టరుగారికి కొంత సమయం పట్టింది.

పదిహేడో రోజు డాక్టరుగారు గెజిటెడ్ ఆఫీసర్లు వాడే పచ్చసిరాతో పత్రం రాసిచ్చారు. 'ఈ అభ్యర్థిని పదిహేడు రోజులుగా ఎరుగుదును. బాగా భయపడతాడు. అయినా తాడు వదలడు.' కింద పశువైద్యుడి ముద్ర. అది చూసి భాయ్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. మూడేళ్లుండాల్సిన చోట పదిహేడు రోజులేందప్పా, చెత్తబుట్టలో ఏస్తారన్నాడు. వేరే పత్రానికి టైము లేదు. అదే పంపాను.

పత్రం చెత్తబుట్టలో పడలేదు, పిలుపొచ్చింది. ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. కొమ్ములు లేవు, అదొక్కటే తేడా. మధ్యలో పెద్దాయన నా పత్రం రెండుసార్లు చదివి, ఏం తాడని అడిగాడు. కోసిగి ఎద్దు కథంతా, వేళ్ల సంగతితో సహా చెప్పాను.

"ఇప్పుడు గూడా బయమేనా?"

"అవును సార్."

"మరి ఇప్పుడేం పట్టుకున్నావు?"

"కుర్చీ సార్" అన్నాను. ముగ్గురూ వంగి చూశారు. నిజంగానే పట్టుకుని ఉన్నాను.

ఉద్యోగం వచ్చిందని ఉత్తరం అందిన రోజు నాయన రెండో మగ్గం గుంత మీద పలకలు పరిచి, వాటి మీద నా ట్రంకుపెట్టె పెట్టాడు, అంతే.

గుమాస్తాగా చేరి మెట్టు మెట్టుగా గెజిటెడ్ ఆఫీసర్నయ్యాను, ఇప్పుడు నా జేబులోనూ పచ్చసిరా పెన్ను ఉంది. మొన్న ఒక కుర్రాడు అదే 'మూడేళ్లుగా ఎరుగుదును' కాగితం తెచ్చాడు. దాన్ని నా బల్ల మీద పెట్టి, మళ్లీ తీసుకుని, మళ్లీ పెట్టాడు. కూర్చోమని రెండు టీలు చెప్పించి, ఎవరింటివాడని, ఏమేం చేశాడని అడిగి, పొద్దు వంగేదాకా మాట్లాడించి, తెలిసినంత మటుకు రాసిచ్చాను. ఇలాంటి పిచ్చాఫీసరు తనకే తగలాలా అన్నట్టు చూసి వెళ్లాడు. ఆ చూపు నాకు తెలుసు. పనికొస్తుందో లేదోనని అతనికన్నా నాకే భయం వేసి, లేవబోతూ కిందికి చూసుకున్నాను. ఎడమచెయ్యి ఇంకా కుర్చీని పట్టుకునే ఉంది.