మా బుడ్డోడు సగం విప్పిన పసుపుకారు

బుడ్డోడా! ముప్పై దాటినా, పెళ్ళాం వచ్చినా నిన్ను అట్లాగే పిలిచాను. నలుగురిలో పిలిస్తే సిగ్గుపడేవాడివి గానీ పలికేవాడివి. ఇప్పుడు పలకవు.

మా కొడుకు పోయాడండీ. ఆడికృత్తిక పండక్కి సుబ్రమణ్యస్వామి కావళ్ళు కొండెక్కిన వారంలోనే, చిత్తూరులో ఆసుపత్రిలో పొద్దున పూట పోయాడు. నేను వాడికోసం కింద వేడినీళ్ళు పట్టుకుని మెట్లెక్కి వస్తున్నాను. కోడలు ఎదురొచ్చి, "అత్తా, ఇంగ లేడు" అంది. నేను సీసా దాని చేతిలో పెట్టి, "వేడిగా ఉండాయి, రొంత ఆగి తాపు" అన్నానంట. నాకు గుర్తులేదు. తర్వాత కోడలే చెప్పింది.

వాడు కార్లలో స్టీరియోలు బాగుచేసేవాడు. నేలను కరుచుకుని పోయే రెండు తలుపుల కార్లుంటాయి చూడండి, స్పోర్ట్స్ కార్లంటారు, నేను కప్పకార్లంటాను, ఎక్కువగా వాటికే. అంత గొప్ప కారులో కంపెనీవాళ్ళు పెట్టిచ్చిన స్టీరియో ఉన్నట్టుండి మూగబోతుంది. తెర నల్లబడుతుంది, కాసేపటికి దానంతటదే లేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది. మా షెడ్డు చిత్తూరు బైపాస్ పక్కన. బెంగళూరుకీ మద్రాసుకీ పోయేవాళ్ళు ఆ మూగకార్లతో వచ్చి ఆగేవారు. బాగుపడేదాన్ని బాగుచేసేవాడు, పడనిదాన్ని తీసి కొత్తది బిగించేవాడు.

వాడు పోయేనాటికి షెడ్డులో ఒక పసుపుకారు సగం విప్పి ఉంది. ఏడ్చి ఏడ్చి తేరుకున్నాక నాకు ఒకటే దిగులు పట్టుకుంది. ఆ కారు అట్లా వైర్లు వేలాడేసుకుని ఇంకో షెడ్డుకు పోకూడదు. వాడి చేతిపని సగంలో నిలిచిపోయిందనే మాట ఎవరి నోటా రాకూడదు. ఆ కారు సంగతే చెప్పాలని ఇది రాస్తున్నాను. చదివింది అయిదో తరగతి. తప్పులు కోడలు దిద్దింది.

ముందు వాడి తీరు చెప్పాలి. ఎవరైనా వచ్చి, "పాతది పీకి పారేసి కొత్తది పెట్టప్పా" అంటే వెంటనే చేతులు పెట్టేవాడు కాదు. చుట్టూ తిరిగి చూసేవాడు. బ్యాటరీ చూసేవాడు, ఎర్తు చూసేవాడు, సీటు కింద చూసేవాడు. ఆ కార్లలో కొన్నిట్లో బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట కూడా స్టీరియోలోంచే వస్తుందంట. స్టీరియో తీసేస్తే గంట పోతుంది. స్టీరింగు మీది బటన్లు పనిచేయవు. అందుకని నాతో అనేవాడు, "పీకేది ఎంతసేపుమా? పీకినాంక దాంతోపాటు ఏమేం ఆగిపోతాయో ముందే తెలుసుకోవాల."

అప్పుడు తల ఊపి వక్క నములుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు ఆ మాట నన్ను నిద్రపోనివ్వదు. వాడు పోయాక మా ఇంట్లో ఏమేం ఆగిపోయాయో ఒక్కొక్కటే తెలుస్తోంది. గోడ గడియారం ఆగింది. దానికి సెల్లు వేసేది వాడని మాకెవరికీ తెలియదు. గేటు కిర్రుమంటోంది. వీధి కుక్క పొద్దున్నే వచ్చి గడప దగ్గర నిలబడి, చూసి చూసి వెళ్ళిపోతోంది. దానికి బిస్కెట్టు వేసేవాడని కూడా తెలియదు.

వాడితో ఉంటే నవ్వకుండా ఉండలేరు ఎవరూ. ఒకసారి ఒక కంట్రాక్టరు ఎర్రకారు తెచ్చాడు. మనిషి బాగా చిరాకుమీద ఉన్నాడు.

"రొండుసార్లు సెట్టు మార్పించినా ప్పా. ఇది మూడోది. ఇది కూడా గరగరమంటాది, నిలిచిపోతాది. నాకు దిష్టి తగిలినాదేమో."

"దిష్టి సంగతి తర్వాత సూస్తాంలే అన్నా. ముందు సీటు కింద సూడనీ."

సీటు విప్పాడు. దాని కింద పాటను పెద్దది చేసే పెట్టె ఒకటి ఉంటుంది, ఆంప్లిఫైయరు. దాన్ని ఆనుకుని నల్లగా ఎండిపోయిన నిమ్మకాయ. కొత్తకారుకు కాణిపాకంలో పూజ చేయించినప్పుడు సీటు మీద పెట్టిన నిమ్మకాయ దొర్లి కిందికి పోయింది. అక్కడే కుళ్ళి, రసం కారి, పెట్టె పిన్నులన్నిటికీ పచ్చటి చిలుము పట్టించింది. పైన ఎన్ని సెట్లు మారిస్తే ఏం లాభం?

మా వాడు దాన్ని ఎలుకను తోకపట్టి ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు. "అన్నా, నీ కారుకు దిష్టి తగల్లేదు. దిష్టికి పెట్టిన నిమ్మకాయ తగిలినాది."

"గట్టిగా అనొద్దు ప్పా, సామి వింటాడు."

"ఆయప్పవి ఎంత చెవులన్నా! మెల్లగా అన్నా వింటాడు."

కంట్రాక్టరు కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ రోజు నుంచి ఎవరు కారు తెచ్చినా మా వాడు మొదట అడిగే మాట, "లోపల నిమ్మకాయ పెట్టినారా?"

ఇక నా సంగతి. మాది ఐరాల పక్క పల్లె. అక్కడ ఉన్నప్పుడు బోరు మోటరు మోత ఇంట్లోంచే విని, అది నీళ్ళు లాగుతోందో గాలి లాగుతోందో చెప్పేదాన్ని. గాలి లాగుతోందంటే వాడి నాయన చేలోకి పరిగెత్తేవాడు. ఆయన పోయాక చేను కౌలుకిచ్చి చిత్తూరు వచ్చేశాం. ఇక్కడ నా చెవికి పని లేకుండా పోయింది. మళ్ళీ పని ఇచ్చింది నా కొడుకే.

కొత్త సెట్టు బిగించాక ఇంజను వేస్తే, పాట లేనప్పుడు కొన్ని కార్లలో సన్నగా ఒక కూత వస్తుంది. చెవి దగ్గర దోమ పాడినట్టు. యాక్సిలరేటరు తొక్కి ఇంజను రేపితే కూత కూడా పైకి పోతుంది. ఎర్తు సరిగా కుదరకపోయినా, కరెంటు వైరూ పాట వైరూ ఒకదాన్నొకటి ఆనుకుని పోయినా అట్లా వస్తుందంట. ఏళ్ళ తరబడి పెద్ద మోతల మధ్య పనిచేసి వాడి చెవికి అంత సన్న శబ్దం అందడం మానేసింది. అందుకని కారు ఇచ్చేముందు నన్ను కూర్చోబెట్టేవాడు. అది వాడు పెట్టుకున్న పద్ధతి.

ఆ కారులోకి ఎక్కడం అంటే గుంతలోకి దిగడమే. నేను చీర సర్దుకుని, తలుపు పట్టుకుని, ధబ్బున కూలబడేదాన్ని.

"ఏమ్మా, ఎక్కినావా పడినావా?"

"పడినాలేరా. ఎత్తేదానికి నువ్వుండావు కదా."

"కండ్లు మూసుకోమా. కూత వినపడితే చెయ్యెత్తు. పోయినాక దించు."

నేను చెయ్యెత్తితే వాడు డ్యాష్‌బోర్డు కింద దూరి ఏదో కదిపేవాడు. మళ్ళీ ఇంజను. మళ్ళీ చెయ్యి. కారు యజమానులు ఎగతాళి చేసేవారు. "ఏంప్పా, మీయమ్మ దీవిస్తే గానీ కారియ్యవా?"

"మాయమ్మ చెయ్యి దించితేనే తాళం ఇస్తా అన్నా," అనేవాడు. ఒక్కసారి కూడా ఆ మాట తప్పలేదు. పెద్దగా చదువులేని తల్లికి అంత విలువ ఇచ్చిన బిడ్డ వాడు. నేను దేనికీ పనికిరానని వాడున్నన్నాళ్ళూ నాకు అనిపించనివ్వలేదు.

తిండి దగ్గర మాత్రం నా మాట వినలేదు. ఆ పొట్టికార్లలో తలకిందులుగా దూరి పనిచేస్తే నడుం పట్టేస్తుంది. నడుంనొప్పికి ఒక మాత్ర, తలనొప్పికి ఒక మాత్ర. ఖాళీ కడుపున మింగి పైన టీ తాగేవాడు. నేను క్యారియర్ తీసుకుపోతే, "ఈ ఒక్క వైరు మా, అయిపోయినాది" అనేవాడు. ఆ ఒక్క వైరు సాయంత్రం దాకా అయ్యేది కాదు. సంగటి గట్టిపడి రాయయ్యేది. కడుపులో మంటగా ఉందంటే, "గ్యాసే మా, సోడా తాగితే పోతాది" అనేవాడు. ఆ పసుపుకారు పక్కనే కడుపు పట్టుకుని కూలిపోయాడు. పుండు పడి, అది చిల్లు పడి, లోపలే రక్తం పోయిందని చెప్పారు. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. ఎవరినీ అనడానికి లేదు.

కర్మలు అయ్యాక పసుపుకారు అబ్బాయి ఇంటికి వచ్చాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళ బిడ్డ. చెప్పులు బయట విడిచి, తల వంచుకుని కూర్చున్నాడు.

"బెంగళూరికి తీసకపోతాలేమా. లారీ మాట్లాడినా. మీరేం మనసులో పెట్టుకోవద్దండి."

"వద్దు నాయనా. రొంత ఆగు. పూర్తిచేసి ఇస్తాము," అన్నాను.

కోడలు నా మొహం చూసింది. "ఎవురు చేస్తారత్తా?"

నాకేం తెలుసు? నోటికి వచ్చేసింది. అప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్న పక్కషెడ్డు ఏసీ మెకానిక్కు అన్నాడు, "నేను చేస్తా పెద్దమ్మా. వాడు చేస్తాంటే ఇన్నేండ్లు పక్కనే సూస్తి. వాడంత నున్నగా రాదు. ఐనా చేస్తా."

అందరం షెడ్డుకు పోయాం. కారు మీద కప్పిన దుప్పటి తీస్తే సీటు మీద నా గుంతపొంగణాల పెనం ఉంది. ఇంట్లో కనపడక ఎంత వెతికానో. దాని గుంతల్లో స్క్రూలు పోసి పెట్టాడు. ఎక్కడివి అక్కడ, ఏది ముందు తీశాడో ఆ వరుసలో. మొదటి గుంత పక్కన సున్నంతో చుక్క పెట్టాడు. ఏసీ మెకానిక్కు దాన్ని చూసి కాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. తర్వాత, "ఎట్ల మూయాలో వాడే చెప్పిపోయినాడు పెద్దమ్మా. ఎనక నుంచి ముందుకు వస్తే సరి," అన్నాడు.

కంపెనీ స్టీరియో మా వాడే తీసేసి ఉన్నాడు. కొత్తదాన్ని కూర్చోబెట్టి, గంటకు వేరే చిన్న పెట్టె కూడా కలిపి ఉంచాడు. మిగిలినవి మెకానిక్కు కలిపాడు. వెనకనుంచి ముందుకు ఒక్కో గుంతా ఖాళీ చేసుకుంటూ వచ్చాడు. తెర వెలిగింది. బెల్టు గంట టింగు టింగుమంది. అబ్బాయి మొహం విప్పారింది.

"ఇంగ నువ్వు కూర్చో పెద్దమ్మా," అన్నాడు మెకానిక్కు.

కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను. ఇంజను వేశారు. సన్నగా, దూరంగా, కూత. చెయ్యెత్తాను.

"నాకేం వినపడలా పెద్దమ్మా."

"నాకూ లేదుమా. బాగుండాది, ఇట్లే తీసకపోతా," అన్నాడు అబ్బాయి. నా మీద జాలితోనే అన్నాడు.

నాకే అనుమానం వచ్చింది. వాడు పోయినప్పటి నుంచీ నా తలలో ఏదో హోరు ఉంది. అదే వింటున్నానేమో. బాగుందంటే కారు పోతుంది, అందరికీ మేలే. కానీ చెయ్యి దిగలేదు. "ఇంజను ఆపు నాయనా," అన్నాను. ఆపాడు. కూత ఆగింది. "వెయ్యి." మళ్ళీ వచ్చింది. నా దుఃఖమే అయితే ఇంజను ఆపినంత మాత్రాన ఆగేది కాదు కదా.

"ఉండాది," అన్నాను. "మా వాడుంటే ఇయ్యడు."

మెకానిక్కు మళ్ళీ విప్పాడు. ఎర్తు వైరును రంగు వేసిన బోల్టు మీదే బిగించి ఉన్నాడు తను. మధ్యలో రంగుంటే ఎర్తు కుదరదంట. నాలుక కరుచుకుని, గరుకు కాగితంతో రంగంతా గీకి, ఇనుము తళుక్కుమనేదాకా రుద్ది మళ్ళీ బిగించాడు. ఇంజను వేశారు. రేపారు. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. ఏమీ లేదు. శుభ్రంగా, కడిగిన గిన్నెలాగా ఉంది లోపల. నా చెయ్యి దించాను. దించాక ఏడుపు ఆగలేదు. వాడి పని అయిపోయింది. ఇంకేం మిగల్లేదు.

అబ్బాయి నన్ను చెయ్యిపట్టి బయటికి లాగాడు. తాళం అతని చేతిలో పెట్టాను. అప్పటికి ఎండ నెత్తిమీదికి వచ్చి దిగుతోంది. పొద్దున వచ్చిన పిల్లలు, ఇద్దరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. మెకానిక్కు వైర్లు కలుపుతున్నప్పుడే నేను ఇంటికి పోయి, అలవాటు కొద్దీ క్యారియర్ కట్టుకొచ్చాను. ఎవరికని తెచ్చానో అడగకండి.

"తిని పోదువురా నాయనా," అన్నాను.

"లేదుమా, దావలో తింటాలే."

"దావలో తినేవాళ్ళను సూసినాలే. కూర్చో."

షెడ్డు నేలమీద అట్టముక్కలు పరిచి ఇద్దరూ కూర్చున్నారు. సంగటి ఇంకా వేడి తగ్గలేదు. అనపగింజల పులుసు పోశాను. గుజ్జు ఫ్యాక్టరీ బిడ్డ మొదటి ముద్ద ఊదుకుని తిన్నాడు, తర్వాత ఊదడం మానేశాడు. ఏసీ మెకానిక్కు వేళ్ళ సందుల్లో నల్లటి గ్రీసు పూర్తిగా పోలేదు, అట్లాగే కలిపాడు. కళ్ళనీళ్ళు కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ తిన్నాడు. ఇద్దరూ ఇంకొంచెం అడిగారు. ముద్ద గొంతు దిగడం, మళ్ళీ చెయ్యి గిన్నెలోకి రావడం, అదే చూస్తూ కూర్చున్నాను.

ఇది చదివేవాళ్ళు ఎవరి బిడ్డలో నాకు తెలియదు. చేతిలో ఏ పని ఉన్నా కాసేపు పక్కన పెట్టండి. వేడిగా ఉన్నప్పుడే, కడుపునిండా తినండి.