అక్క పాట మీద నా పాట

కాలేజీ రోజుల్లో ఇంగ్లీషు రాక్ విషయంలో నేను మహా పొగరుబోతును. పాటంటే ఇరవై నిమిషాలుండాలి, మధ్యలో తాళం నాలుగుసార్లు మారాలి, వినేవాడికి సగం అర్థం కాకూడదు. అలాంటి పాటలు కట్టే ఒక బృందాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగాను. ఉన్నట్టుండి వాళ్లు నాలుగు నిమిషాల పాటలతో, చప్పట్లు కొట్టించే పల్లవులతో ఒక ఆల్బమ్ తెచ్చారు. వీళ్లు అమ్ముడుపోయారని తమిళనాట ఉన్న మా రాజపాళయమంతా చాటాను. ఊళ్లో నా గోల వినేవాళ్లు ముగ్గురో నలుగురో!

మా అక్కకు ఆ ఆల్బమే నచ్చింది. మదురై నుంచి క్యాసెట్ తెప్పించుకుంది. ఆమెను బాగుచేద్దామని నేను పాటలు చెరగకుండా కాపాడే, క్యాసెట్ అంచున ఉండే గుంటల్లో కాగితం కుక్కి, ఆమె పాటల మీద నా ఇరవై నిమిషాల పాట రికార్డు చేసేశాను. అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత చూస్తే, రోజూ సాయంత్రం పూలు కట్టుకుంటూ అదే క్యాసెట్ చివరిదాకా వింటోంది. అక్కకు సంగీతం నేర్పింది నేనేనని పెళ్లిళ్లలో కూడా చెప్పుకున్నాను.

పోయిన నెల ఫోన్‌లో ఆ ఆల్బమ్ తగిలింది. తిట్టుకుందామనే పెట్టాను. రెండో పాటకే కాలు ఊగింది. ఆ నాలుగు నిమిషాల్లోనూ తాళం మారుతూనే ఉంది, మనకు తెలియనివ్వకుండా మార్చారు మహానుభావులు. ఇన్నేళ్లూ నేను దాన్ని తిట్టానే గానీ వినలేదు.

బండేసుకుని సేత్తూరులో అక్క ఇంటికి వెళ్లాను.

"అక్కా, నీ ఆల్బమ్ మంచిదే. తప్పు నేనే చేసినాను."

అక్క మామిడికాయలు కోస్తోంది. "ఇప్పుడా తెలిసేది నీకు?" అంది.

"అయినా నా పాట కూడా నీకు నచ్చింది కదా. రోజూ వింటివి."

అక్క నవ్వాపుకోలేక కత్తి పక్కన పెట్టింది. "నీ పాట ఎవురికి కావాలరా? అది ముగిసినంక, కడైసిలో, టేపు కొసన, నా పాట రెండు నిమిషాలు చెరగకుండా మిగిలిండె. మన టేప్‌రికార్డర్‌లో ముందుకు తిప్పే బటన్ విరిగిపోయిండె. ఆ రెండు నిమిషాల కోసరం నీ గోలంతా సహించినాను."

సిగ్గుతో చచ్చిపోయాను, నవ్వూ ఆగలేదు. ఫోన్‌లో అక్క పాట మొదటినుంచి పెట్టాను. అక్క కొత్త పాట వింటున్నట్టు తల వంచుకుని వింది. చివరి భాగం రాగానే గొంతెత్తి పాడింది, ఒక్క మాట పొల్లుపోకుండా. ముందు సగం ఆమెకు గుర్తే లేదు. అది నేను చేసిన పనే కదా అని మనసు చివుక్కుమంది.

పాట అయిపోగానే అక్క నా భుజం మీద ఒకటి చరిచింది.

"మళ్లీ పెట్టురా. ముందుది నేర్చుకోవాల."