డాక్టరుగారి నడుం, నా మడమ

మొన్న నేను డాక్టరు గదిలోకి నా కాళ్ళ మీద నేనే నడిచి వెళ్ళేను. బయటికి మాత్రం ఇద్దరు పట్టుకుంటే వచ్చేను. ఏం జరిగిందో చెప్తాను గానీ, ముందు ఆ టీ తాగేయండి. మధ్యలో నవ్వితే పొలమారుతుంది.

నా కుడి మడమ సంగతి మీకు తెలిసిందే కదా. పొద్దున్నే మంచం దిగి కాలు నేలకి ఆనిస్తే చాలు, ప్రాణం జివ్వుమంటుంది. హల్దియాపదర్‌లో మా టిఫిన్ కొట్టు నడిచేదే నేను పెనం దగ్గర నిలబడితే. మా ఆయన దోసె వేస్తే అది పెనాన్ని వదలదు, గిరాకీ మాత్రం కొట్టుని వదిలి వెళ్ళిపోతుంది. మడమ బాగుపడకపోతే ఇంక షట్టర్ దించుకోవడమే.

చెయ్యని వైద్యం లేదు. పక్కింటావిడ "ఏడి ఇటుక మీద జిల్లేడాకు ఏసి తొక్కియే" అంది. తొక్కేను. బొబ్బలెక్కింది. తడి ఇసకలో నడిస్తే తగ్గుతుందని మా ఆయన గోపాలపూర్ సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళేడు. అక్కడ కాలు మెలికపడి, మడమకి తోడు చీలమండ కూడా పట్టుకుంది. ఆయన మాత్రం చేపల వేపుడు తిని హాయిగా వచ్చేడు. ఇంక లాభం లేదని ఎముకల డాక్టరు దగ్గరికి బయల్దేరేను.

డాక్టరు ఒడియా ఆయన, నిదానస్తుడు. నన్ను 'మాఉసీ' అని పిలిచేడు, మనం పిన్నీ అన్నట్టు. అవసరమైతే మడమకి ఇంజెక్షన్ వేద్దాం, చీమ కుట్టినట్టే ఉంటుంది అని ధైర్యం చెప్పి, ముందు నా చెప్పులు ఎలా అరిగేయో చూద్దామని కిందకి వంగేడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయేడు. నడుం పట్టేసింది! కాంపౌండరు పరిగెత్తుకొచ్చి ఇంజెక్షన్ తీస్తే, వంగే ఉండి చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాడు. చీమ కుట్టినట్టే కదా మరి!

అక్కడితో నేను నోరు మూసుకుని కూర్చోవచ్చు. నా నోరు ఊరుకుంటుందా?

"నేను ఎదురుకాళ్ళతో పుట్టేను సార్" అనేశాను.

పుట్టేటప్పుడు నాకు తల కాక కాళ్ళు ముందొచ్చేయట. అలా పుట్టినవాళ్ళు కాలితో ఒక్కటి తాటిస్తే పట్టేసిన నడుం వదిలేస్తుందని నమ్మకం. మా వీధిలో నేను తన్నని నడుం లేదు. ఇంత చదువుకున్నాయన ఇలాంటివి వింటాడా అనుకున్నాను. ఆయన నేల చూపులు చూస్తూనే, అస్కా దగ్గర వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో కూడా ఇలాగే చేసేవారని, ఆలస్యం చెయ్యొద్దని బతిమాలేడు.

తీరా లేస్తే వచ్చింది చిక్కు. తన్నాల్సింది కుడికాలితో. నొప్పీ కుడికాలికే. ఆయన నడుం లేస్తేగాని నా మడమ చూడడు. నా మడమ లేస్తేగాని ఆయన నడుం లేవదు. బయట కూర్చున్న జనమంతా తలుపు దగ్గర పోగయ్యేరు. పైగా డాక్టర్ని కాలితో తన్నడమంటే పాపం కాదూ? ముందే ఓ దండం పెట్టేసి, బల్ల పట్టుకుని కాలెత్తేను.

"ఆస్తే మాఉసీ, ఆస్తే" అంటున్నాడు. ఆస్తే అంటే మెల్లగా అని నాకూ తెలుసు. మెల్లగా తాటిస్తే పని జరగదని ఆయనకి తెలీదు. నా దోసెల కొట్టుని తలుచుకుని ఒక్కటిచ్చేను.

ఆయన టక్కున లేచి నిలబడ్డాడు. నేను టక్కున కూలబడ్డాను. మడమలో నిప్పులు పోసినట్టయింది. నేను లబోదిబోమంటుంటే తలుపు దగ్గర చప్పట్లు! డాక్టరు అటు తిరిగేడు, ఇటు తిరిగేడు, వంగి మళ్ళీ లేచేడు, నాకు రెండు చేతులూ జోడించేడు. నాకూ గర్వంగానే ఉంది, అబద్ధం ఎందుకు? ఆ సంబరంలోనే ఇద్దరు ఆడవాళ్ళు నన్ను రెక్కలు పట్టుకుని బయట బెంచీ మీదకి చేర్చేరు. కాంపౌండరు తరవాతి వాళ్ళని లోపలికి పిలిచేశాడు.

కాసేపటికి మా ఆయన కొట్టు కట్టేసి స్కూటర్ మీద వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. సగం దారిలో అడిగేడు.

"ఏటన్నాడే డాక్టరు?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు, నా మడమని ఎవరూ ముట్టుకోనే లేదని.

"నడుం బాగుందన్నాడండి" అన్నాను.