ఉప్మా ఉడికేలోపు తెరుచుకునే కంప్యూటర్

ఆ రోజుల్లో నేను ఇంకా పడుచుదాన్నే. అంటే అరవై దాటాయి కానీ మనవరాలు పుట్టలేదు, మోకాళ్ళు చెప్పిన మాట వినేవి, బజారులో ఎవరైనా "అవ్వా" అంటే పిలుపు నాకు కాదనుకుని వెనక్కి తిరిగి చూసేదాన్ని. మావాడు కొత్తగూడ చౌరస్తా దగ్గర అపార్ట్‌మెంట్‌లో కిరాయికి దిగి, ఊరినుంచి నన్ను తెచ్చుకున్న కొత్తలు. వాడి పెళ్ళి కూడా కొత్తదే. కోడలు కూకట్‌పల్లి పిల్ల, వాళ్ళ పెద్దవాళ్ళు కోస్తానుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. నేను "ఏంది" అంటే ఆమె "ఏమిటండి" అనేది. ఇద్దరం ఒకరికొకరం తెగ మర్యాద ఇచ్చుకుంటూ గోడకు చెరో పక్కన నిలబడ్డట్టు ఉండేవాళ్ళం. నా మొహం చూస్తే పాలు పోసేవాడే కొలత సరిచూసుకునేవాడు, ఇక కొత్త కోడలి సంగతి చెప్పాలా.

ఆ గోడకు ఉన్న ఒక్క కిటికీ మా ఇంటి కంప్యూటర్. కోడలిది మాదాపూర్‌లో చిన్న కంపెనీ, చాలా రోజులు ఇంటినుంచే పని. వాళ్ళు మిషను ఇవ్వలేదు, ఇంట్లో ఉన్నదానిమీదే చేసుకొమ్మన్నారు. ఇంట్లో ఉన్నదేమో మావాడు ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న పాతది. బటన్ నొక్కితే ముందు గుర్రుమనేది, తర్వాత నల్లమొహం పెట్టేది, ఆ తర్వాత తెరమీద ఒక సున్నా గిరగిరా తిరిగేది. అది తిరగడం చాలించి బొమ్మలు చూపించేసరికి నేను ఉల్లిగడ్డ కోసి, పోపు పెట్టి, ఎసరు మరిగించి, రవ్వ పోసి దించేదాన్ని. అంతసేపూ చేసేదేం లేక కోడలు వంటగదిలోకి వచ్చి గట్టుకు ఆనుకుని నిలబడేది. మొదట్లో ఊరికే నిలబడేది. తర్వాత్తర్వాత కరివేపాకు దూసి ఇచ్చేది. ఇంకొన్నాళ్ళకు వాళ్ళ టీం లీడర్ మీటింగులో నోరు మూసుకుని ఎలా ఆవులిస్తాడో చేసి చూపించేది. (నేను నవ్వలేదు. పొయ్యి వైపు తిరిగి నవ్వాను.) ఉప్మా అక్కడే నిలబడి వేడిగా తినేసి వెళ్ళేది. చెవులకు ఆ హెడ్‌ఫోన్ డొప్పలు తగిలించుకున్నదంటే మళ్ళీ దీపాలు పెట్టాకే మాకు దక్కేది, అప్పటికి మాట్లాడే ఓపిక ఉండేది కాదు. కోడలితో రోజంతటికీ నాకు దొరికే పొద్దు ఆ కాస్తే.

అంత తెలిసి కూడా నేను చేసిన నిర్వాకం వినండి. రానురాను ఆ కంప్యూటర్ మరీ మొండికేసింది. ఒకరోజు మీటింగ్ సగమయ్యాక తెరుచుకుంది. కోడలు కళ్ళనీళ్ళ పర్యంతమైతే మావాడు కొత్తది కొంటానన్నాడు. కొనడమన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

"ఏందిరా, నడుస్తలేదా అది?"

"నడుస్తది గని, లేస్తలేదమ్మా."

"నువ్వు గూడ పొద్దుగాల లేస్తలేవు. నిన్ను మార్సినమా?"

కోడలు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. అది చూసి నాకు ఇంకా హుషారు వచ్చింది. ఎందుకు లేవడం లేదో ముందు చూడు, కొనే సంగతి తర్వాత అని, ఆదివారం వాణ్ని దానిముందు కూర్చోబెట్టి పక్కన స్టూలు వేసుకున్నాను. నేను చదివింది నాలుగో తరగతి, అదీ సగం. అందుకని వాడు నాకు అర్థమయ్యేలా చెప్పాడు. బటన్ నొక్కగానే కంప్యూటర్ ఒక్కటే లేవదట, దాంతోపాటు లోపల కాపురమున్న వాళ్ళందరూ, అంటే ప్రోగ్రాములు, ఒకేసారి లేస్తారట. పెళ్ళింట్లో అందరూ ఒక్క బాత్రూం ముందు నిలబడ్డట్టన్న మాట. "ఒక్కొక్కరు ఎవరో చెప్పు" అన్నాను.

"ఇది ప్రింటర్ది."

"ప్రింటర్ ఏదిరా? నేనెప్పుడు చూడలే."

"నువ్వు రాకముందే అమ్మేసినం."

"అది పోయినంక గీయన పొద్దున్నే లేసి ఏం చేస్తడు? పండుకోమను."

"ఇది పాటలది."

"పొద్దుగాల ఎవలు వింటుండ్రు పాటలు? పండుకోమను. పిలిస్తే లేస్తడు."

తర్వాతది చెప్పేటప్పుడు వాడి గొంతు తగ్గింది. "ఇది... ఆటది."

"ఏ ఆటండి?" అన్నది కోడలు వెనకనుంచి. నేను చెప్పకముందే వాడు దాన్ని పడుకోబెట్టేశాడు.

"ఇది వైరస్‌లు రాకుండ కావలి. ఉండాలె."

"ఉండనీ. మరి దాని పక్కనున్నది?"

"అది గూడ కావలే."

"ఒక్క గేటుకు ఇద్దరు వాచ్‌మెన్లా? వాళ్ళిద్దరు ముచ్చట్లు పెట్టుకునుడే గాని కావలి కాసేదెప్పుడు? ఒకన్ని పంపు."

నిజమే, రెండుంటే ఒకదానికొకటి అడ్డం పడతాయని వాడే ఒప్పుకుని ఒకదాన్ని పూర్తిగా తీసేశాడు. అయినా పూర్తిగా దారికి రాలేదు. లోపల తిరిగే డిస్కు పాతదైపోయింది, అది ఒక్కటీ మారిస్తే కొత్త మిషను ఎందుకూ అక్కర్లేదన్నాడు. అడుగు చిల్లిపడ్డ బిందెకు మాటు వేయించినట్టే కదా అని సరేనన్నాను. పై ఆదివారానికి వాడే తెచ్చి బిగించాడు.

సోమవారం నేను బాండీ పెట్టాను, కోడలు బటన్ నొక్కింది. ఆవాలు చిటపటమనకముందే తెర వెలిగింది. "అత్తయ్యగారూ, వచ్చేసిందండి" అని సంబరంగా ఒక కేక, చెవులకు డొప్పలు. నేను గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి గర్వంగా చూశాను. ఉప్మా చల్లారింది. మర్నాడూ అంతే, "తర్వాత తింటానండి" అన్నది. ఆ మర్నాడు కరివేపాకు నేనే దూసుకున్నాను. ఆవులించే ఆయన ఆవులిస్తున్నాడో మానేశాడో చెప్పే దిక్కు లేదు. వచ్చి కూర్చోమని పిలవచ్చు కదా అంటారు. పిలిచే నోరే ఉంటే ఇంత కథ ఎందుకు.

ఒకరోజు మావాడు బూట్లు వేసుకుంటుంటే మెల్లగా అడిగాను. "గా ప్రింటరాయన్ని మళ్ళ లేపరాదురా?"

వాడు బూటు వదిలేసి నన్ను చూశాడు. "ఎందుకమ్మా? మంచిగనే నడుస్తుంది గద."

"ఏం లేదు. పాపం, పాతోడు."

"లేపినా ఫరక్ పడదమ్మా. కొత్త డిస్కు. అందరు లేసినా రెప్పపాటే."

కొనవద్దని పంతం పట్టి, బాగుచేయించి మరీ నా పొద్దు నేనే పోగొట్టుకున్నానని ఆ రోజంతా గిన్నెలమీద కోపం చూపించాను. కోడలు డొప్పలు తీసి ఒకసారి ఇటు చూసింది కూడా.

మర్నాడు ఉల్లిగడ్డ కోస్తుంటే గట్టు పక్కన నీడ పడింది. కోడలు.

"పని లేదా బిడ్డా ఇయ్యాల?"

"ఉందండి. కంప్యూటర్ ఆన్ చేశాను, ఇంకా తెరుచుకోలేదు. పాతది కదండి."

వంటగదిలోంచి హాల్లో బల్ల బాగా కనిపిస్తుంది. బటన్ మీది చిన్న దీపం వెలగనే లేదు. ఆమె కూడా అటే చూసి, నా వైపు చూసి, తల దించుకుని కరివేపాకు రెబ్బ అందుకుంది.

"అవును బిడ్డా," అన్నాను, "పాతయి జర మెల్లగనే లేస్తయి. ఇగ చెప్పు, గాయన ఆవులించుడు బందు చేసిండా లేదా?"

ఆ కంప్యూటర్ ఎప్పుడో పోయింది. అన్నీ చప్పున తెరుచుకోవాలని కొడుకు ప్రాణం తీసిన ఆ కుర్ర ముసలిదాన్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇప్పుడు పొద్దున్నే నాకు ముందు కళ్ళు లేస్తాయి, తర్వాత నడుము, అన్నిటికంటే ఆఖరున మోకాళ్ళు. కోడలు కాఫీ గ్లాసుతో వచ్చి మంచం అంచున కూర్చుని, "తొందరేం లేదండి" అంటూ ఆఫీసు కబుర్లు మొదలుపెడుతుంది. మోకాళ్ళు ఎప్పుడో లేచి ఉంటాయి. అయినా నేను ఇంకాసేపు లేవను.